ఫొటో వద్దన్న పెళ్ళిచూపులు

పోయినవారం మనం రెబ్కానీ, ఆమె తల్లి ఎలీసమ్మనీ చీరాల స్టేషన్లో చేతిసంచులతో సహా నిలబెట్టి వచ్చేశాం. వాళ్ళెందుకొచ్చారో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. సత్తెనపల్లి హైస్కూల్లో సోషల్ చెప్పే రెబ్కాకి మొన్న మార్చిలో ముప్ఫయ్యేళ్ళు నిండాయి. అప్పటికి నాలుగుసార్లు పెళ్ళిచూపులకి కూర్చుంది. ఒకళ్ళు రంగు తక్కువన్నారు, ఒకళ్ళు వయసెక్కువన్నారు, మిగిలిన రెండు జట్లూ పళ్ళెంలో మైసూరుపాకు ఖాళీ చేసి ఏ సంగతీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఐదో సంబంధం మాట వచ్చేసరికి రెబ్కా తల్లికి తేల్చి చెప్పేసింది. గదిలో చాప మీద కూర్చోవడం ఇక లేదు. ఫొటోలు ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఆ మనిషెవరో తన ఊరు నాకు చూపించాలి, ఒక పగలంతా కలిసి తిరగాలి, నేనడిగినవాటికి జవాబు చెప్పాలి, ఆ తరవాతే అవునో కాదో. ఇదే ఆఖరు. ఇది కుదరకపోతే వినుకొండలో హాస్టలు వార్డెను పనికి వెళ్ళిపోతాను, మళ్ళీ నువ్వు సంబంధం అన్న మాట ఎత్తకూడదు.

ఇలాంటి షరతులకి ఎవరొప్పుకుంటారని ఎలీసమ్మ లోలోపల ఏడ్చుకుంది. కానీ చీరాల నుంచి ఇమ్మానియేలు అనే ఆయన, చేనేత సొసైటీలో గుమాస్తా, స్వదస్తూరీతో ఉత్తరం రాశాడు. మీ షరతులన్నీ నాకు సమ్మతమే, పొద్దుట ఊరు చూద్దాం, మధ్యాహ్నం వాడరేవు సముద్రం చూద్దాం అని. అలా ఆ మే నెలలో తల్లీకూతుళ్ళు తొలిబస్సుకి గుంటూరు వచ్చి, అక్కడ పాసింజరు పట్టుకుని, తెనాలి మీదుగా చీరాలలో దిగారు.

దిగిన జనం పలచబడ్డాక, పొట్టిచేతుల చొక్కా వేసుకున్న ఒకాయన చంకలో గొడుగుతో తిన్నగా వాళ్ళ దగ్గరికే నడిచి వచ్చాడు. ముప్ఫైమూడో నాలుగో ఉంటాయి. సత్తెనపల్లి నుంచి వచ్చినవారు మీరేనాండీ అని అడిగాడు. అంతే, ఎలీసమ్మ అతని రెండు చేతులూ పట్టేసుకుంది. వందనాలు ఇమ్మానియేలు బాబూ అని, అక్కడికక్కడే కళ్ళు మూసుకుని, బస్సు దొరికినందుకూ, రైల్లో కిటికీ పక్క చోటు దొరికినందుకూ, ఈ బిడ్డ ముఖం చూడగలిగినందుకూ ప్రభువుకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. పక్కన టీ అమ్ముకునేవాడు కూడా కెటిలు కింద పెట్టి తల వంచుకు నిలబడ్డాడు. రెబ్కాకి ఎక్కడ దాక్కోవాలో తోచలేదు. ఆమెన్ అన్నాక కళ్ళెత్తి చూస్తే అతని కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో కన్నీళ్ళు పెట్టుకున్న మగమనిషిని ఆమె అదే మొదలు చూడటం.

స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తింటుండగానే రెబ్కా ప్రశ్నలు మొదలుపెట్టేసింది. దార్లో మనసులో వరస కట్టుకుని తెచ్చుకుంది మరి. పెళ్ళయ్యాక ఉద్యోగం మానమంటారా అని మొదటిది. ఎందుకు మానటం, మీ పిల్లలకి పరీక్షలెవరు పెడతారు అన్నాడు. కోపమొస్తే ఏం చేస్తారు అని రెండోది. అతను కాస్త ఆలోచించి, కోపమొస్తే అన్నం మానేస్తాననీ, రెండోపూటకి ఆకలేసి తనే వండుకు తింటాననీ చెప్పాడు. వంట వచ్చా అని ఎలీసమ్మ నోరు తెరిచింది. పప్పుచారు, వంకాయ కూర, చేపల పులుసు వచ్చుననీ, చపాతీలు మాత్రం గుండ్రంగా రావనీ అన్నాడు. రెబ్కాకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు.

ఆ తరవాత, వేటపాలెంలో తనకో అక్క ఉందని దారిలో చెబుతూ, నేతగాళ్ళ వీధికి తీసుకెళ్ళాడు. వీధి పొడుగునా పడుగు పరిచి ఉంది. ఒక చివరి గుంజ నుంచి ఇంకో చివరి గుంజ దాకా బిగించి కట్టిన వందల దారాలు, ఎర్రటివి, గంజి పట్టించి పొడుగాటి కుంచెలతో దువ్వుతున్నారు. ఎండెక్కకముందే ఈ పని అయిపోవాలి, ఇది ఇవాళ్టికి ఆఖరుది అని చెప్పాడు. అడ్డంగా దాటడానికి వీల్లేదు కనక ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని, నడుం వంచి, దారాల కింద నుంచి అవతలికి దాటించాడు. అరవైరెండేళ్ళ ఎలీసమ్మ చిన్నపిల్లలా వంగి దాటి, మళ్ళీ ఇంకోసారి దాటుతానంది. దువ్వుతున్న ఆడవాళ్ళు పని ఆపి నవ్వారు.

రంగుల గురించి అడిగినప్పుడు అతని మాట మారిపోయింది. అప్పటిదాకా అడిగినదానికి జవాబు చెప్పేవాడు కాస్తా, అడక్కుండానే చెప్పుకుపోయాడు. ఈ ఎరుపు ఎందుకు వెలిసిపోదో, నీలం తొట్టిలో మునిగిన నూలు పచ్చగా పైకొచ్చి గాలి తగిలాక నీలంగా ఎలా తిరుగుతుందో, వానాకాలం ఆరబెట్టిన రంగుకీ ఎండాకాలం ఆరబెట్టిన రంగుకీ తేడా ఏమిటో. రెబ్కా నోటుపుస్తకం తెచ్చుకోనందుకు విచారించింది. ఎనిమిదో తరగతి పిల్లలకి బట్టల పరిశ్రమ పాఠం ఆమె ఏడెనిమిదిసార్లు చెప్పింది. ఇందులో ఒక్క ముక్క కూడా ఆ పుస్తకంలో లేదు.

పన్నెండింటికి టౌను బస్సెక్కి వాడరేవు వెళ్ళారు. సరుగుడు తోటల మధ్య బస్సు దిగేసరికే హోరు వినిపించింది. ఎలీసమ్మ అదేదో మిల్లు చప్పుడనుకుంది. ముప్ఫయ్యేళ్ళు మిషనాసుపత్రిలో నర్సుగా పనిచేసి, పల్నాడులో సగంమంది పిల్లలకి బొడ్డు కోసిన మనిషి, యాభైమైళ్ళ దూరంలో ఉన్న సముద్రం ఎన్నడూ చూడలేదు. చెట్లు దాటి ఇసుక మెరక ఎక్కి, ఎదురుగా ఒడ్డు కనపడగానే నిలబడిపోయింది. తరవాత చెప్పులు విప్పి కూతురి చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నేరుగా నీళ్ళలోకి నడిచి, మోకాళ్ళ లోతులో చతికిలపడి కూర్చుంది. కెరటం వచ్చి గుండెల దాకా తడిపి పోయింది. రెబ్కా కంగారుపడి లేపబోతే చెయ్యి విదిలించింది.

"ఇంతకాలం ఎవరూ నాకు చెప్పలేదేమే ఇలా ఉంటుందని," అంది.

పావుగంట అలాగే కూర్చుంది. ఒక్కో కెరటానికీ ఒక్కో మాట చెప్పుకుంటోంది. అది ప్రార్థనో, కబుర్లో రెబ్కాకి తెలియలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పుల్లమ్మ అనే పల్లెకారుల ఆవిడ ఇది చూసి, నవ్వుకుంటూ వచ్చి ఎలీసమ్మని లేపి, తన పందిరి కిందికి తీసుకుపోయి పొడిచీర ఇచ్చింది. వేడన్నం, మెత్తళ్ళనే చిన్నచేపల వేపుడు పెట్టింది. ఎలీసమ్మ సంచీలోంచి గోంగూర పచ్చడి సీసా, మురుకుల డబ్బా తీసింది. పచ్చడి కలుపుకుని పుల్లమ్మ కళ్ళు తుడుచుకుంది, కారం పల్నాటిది కదా. పది నిమిషాల్లో ఇద్దరూ ఒకళ్ళ కాన్పుల గురించి ఒకళ్ళు చెప్పుకునేదాకా వచ్చారు.

అన్నాలయ్యాక ఎలీసమ్మ తాటాకు చాప మీద ఒరిగి, మీరిద్దరూ అలా లైట్‌హౌసు దాకా నడిచి రండి అంది. అతను ముందు నడిచాక కూతురి చెవిలో, నీ ముఖం చూస్తేనే తెలుస్తోందే, అవునని చెప్పేసి రా అని కూడా అంది. రెబ్కా నోరు ముయ్యమన్నట్టు చూసింది. కానీ మనసులో అప్పటికే అవునని అనేసుకుంది. ఇడ్లీల దగ్గరో, పడుగు దగ్గరో, ఎక్కడో సరిగ్గా చెప్పలేదు గానీ, అనేసుకుంది. ముప్ఫయ్యేళ్ళలో ఒక మగమనిషి పక్కన ఇంతసేపు నడుస్తూ, తను ఎలా కనపడుతున్నానో అని ఒక్కసారి కూడా ఆలోచించకుండా ఉండటం ఆమెకి ఇదే మొదలు.

ఒడ్డు వెంట నడిచారు. ఎర్ర ఎండ్రకాయలు అడుగుల చప్పుడుకి గబగబా బొరియల్లో దూరుతున్నాయి. ఆమె ఒక గవ్వ కోసం వంగింది. అదే సమయానికి పెద్ద కెరటం ఒకటి వచ్చిపడింది. ఆమెని పట్టుకోబోయి అతను కాలుజారి, నడుం దాకా, ఆ పైన జేబు దాకా తడిసిపోయాడు. ఇద్దరూ పకపకా నవ్వుకుంటూ ఒడ్డెక్కి, బోర్లించిన ఒక నావ మీద కూర్చున్నారు. అతను చేతులు దులుపుకుంటుంటే ఆమె కళ్ళు అతని గోళ్ళ మీద పడ్డాయి. పొద్దుటినుంచీ చూస్తూనే ఉంది, సిరా మరకలనుకుంది. ఇప్పుడు ఉప్పునీళ్ళలో నానాక తేటగా కనిపించాయి. పది గోళ్ళ మొదళ్ళలోనూ నీలం, ఎన్నేళ్ళదో తెలియని నీలం.

"గుమాస్తా గోళ్ళకి ఇంత రంగేమిటండీ?" అని నవ్వుతూనే అడిగింది.

అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు తన చేతులకేసే చూసుకున్నాడు.

"నేను ఇమ్మానియేలుని కానండీ," అన్నాడు. "నా పేరు జయరావు. సొసైటీలో అద్దకం మేస్త్రీని."

రెబ్కాకి వెంటనే అర్థం కాలేదు. అతను చొక్కా జేబులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. నీళ్ళు కారుతోంది. పొద్దుట స్టేషన్లోనే మీకు ఇవ్వాల్సిన ఉత్తరం అన్నాడు. ఆమె జాగ్రత్తగా మడతలు విప్పింది. అదే దస్తూరీ, మీ షరతులన్నీ సమ్మతమే అని రాసిన దస్తూరీయే. పైన క్షమించ అన్న మూడక్షరాలూ, కింద ఇమ్మానియేలు అన్న సంతకమూ మిగిలాయి. మధ్యదంతా కరిగి నీలంగా పారిపోయింది.

ఏం రాశాడో నోటితోనే చెప్పమంది. అతను చెప్పాడు. ఇమ్మానియేలు తన స్నేహితుడు, ఇద్దరూ పక్కపక్క గదుల్లో ఉంటారు. ఉత్తరం రాసినప్పుడు వాడికి ఉత్సాహంగానే ఉందట. కానీ రోజు దగ్గరపడేకొద్దీ ధైర్యం జారింది. ప్రశ్నలడిగే టీచరుతో ఊరి నడివీధిలో పగలంతా నడవాలి, ఆఫీసువాళ్ళంతా చూస్తారు, తప్పు జవాబు చెబితే ఎలా అని నిన్న సాయంత్రమంతా మథనపడి, చివరికి ఈ ఉత్తరం రాసి జయరావు చేతిలో పెట్టి, వాళ్ళని తిరుగు రైలెక్కించి రమ్మని బతిమాలుకున్నాడు.

"మరి ఎక్కించలేదేం?"

"మీ అమ్మగారు నా చేతులు పట్టుకున్నారు," అన్నాడు.

మిగిలింది తడబడుతూ చెప్పుకొచ్చాడు. డెబ్భైయేడు తుఫానులో తన తల్లి పోయింది. ఆ తరవాత తన చేతులు పట్టుకుని ప్రార్థన చేసినవాళ్ళు లేరు. ఆమెన్ అన్నాక చెబుదామనుకున్నాడు, చెప్పలేకపోయాడు. టిఫిను తరవాత చెబుదామనుకుంటే, ఈ సముద్రం చూడటానికే పుట్టాను కాబోలు అని ఎలీసమ్మ అంది. అప్పుడు చెబితే పదకొండింటి రైలుకి వెనక్కి పోతారు, సముద్రం చూడరు. చూశాక చెబుదాం అనుకున్నాడు.

"చూసి రెండు గంటలైంది," అంది రెబ్కా.

"అవునండీ. ఆ తరవాతది మీ అమ్మగారి గురించి కాదు."

ఇంకొకప్పుడైతే ఆ మాట ఆమెకి తీపిగా ఉండేది. ఇప్పుడు ఒళ్ళు మండింది. లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. క్లాసులో కూడా ఆమె గొంతు తగ్గించినప్పుడే పిల్లలు భయపడతారు.

"ఫొటో ఎందుకొద్దన్నానో తెలుసా మీకు? ఎదట ఉన్న మనిషిని ఉన్నట్టుగా చూడాలని. పొద్దుటినుంచీ నేను ఇమ్మానియేలుగారూ అని పిలుస్తుంటే మీరు పలికారు."

"పలికాను."

"హాయిగా పలికారు."

"హాయిగా లేదండీ. పిలిచినప్పుడల్లా గుచ్చుకుంది. అయినా పలికాను. తప్పే. నేను మిమ్మల్ని ఏమీ అడగబోవటం లేదు. అడిగే యోగ్యత నాకు లేదిప్పుడు."

రెబ్కా నీళ్ళ దాకా నడిచింది. అక్కడ నిలబడి తనని తాను తిట్టుకుంది, అతన్ని తిట్టింది, ఎక్కడో గది తలుపేసుకు కూర్చున్న ఆ గుమాస్తాని ఇంకాస్త ఎక్కువగా తిట్టింది. వెనక్కి తిరిగి రైలెక్కాలి, అంతే. వినుకొండ హాస్టల్లో నలభైమంది ఆడపిల్లలు, గంట కొడితే లేవటం, గంట కొడితే తినటం. ఫరవాలేదు, అదీ బతుకే. కానీ అంత కోపంలోనూ గుండ్రంగా రాని చపాతీలు గుర్తొచ్చి పెదవి కదిలింది. దాంతో కోపం ఇంకొంచెం పెరిగింది. ఈ మనిషి మీద సరిగ్గా కోపం కూడా తెచ్చుకోనివ్వటం లేదు అనుకుంది.

తిరిగి వచ్చింది. అతను లేచి నిలబడే ఉన్నాడు, బడిలో బెంచీ ఎక్కించిన కుర్రాడిలా.

"అడుగుతాను. ఉన్నదున్నట్టు చెప్పండి. వంట?"

"నేనే వండుకుంటాను."

"వేటపాలెంలో అక్క ఉందన్నారు."

"ఉంది. కొండమ్మక్క. ముగ్గురు పిల్లలు."

"ఉద్యోగం మానొద్దన్నారు. అది ఆయన మాటా, మీ మాటా?"

"వాడేమనుకుంటాడో నాకు తెలీదండీ. పొద్దుటినుంచీ నేను చెప్పినవన్నీ నా మాటలే. వాడి తరఫున చెప్పడానికి నాకేం తెలుసని?"

"చదువు?"

ఇక్కడ మాత్రం అతను తల దించుకున్నాడు. ఎనిమిదో తరగతితో ఆపేశానని చెప్పాడు. మీరు చెప్పే తరగతి కూడా సరిగ్గా దాటలేదండీ అన్నాడు. బియ్యే బీయీడీ చదివిన కూతురికి ఎనిమిదో తరగతి మనిషా అని సత్తెనపల్లి సంఘమంతా ఏమంటుందో రెబ్కాకి ఇప్పుడే వినిపిస్తోంది. దాంతోపాటే నీలం తొట్టిలోంచి పచ్చగా పైకొచ్చి, గాలి తగలగానే రంగు తిరిగే నూలు కూడా కనిపిస్తోంది.

"మీకు యోగ్యత ఉందో లేదో మీరే తీర్పు చెప్పేసుకున్నారు ఇందాక," అంది. "అది మీరు చెప్పేది కాదు. ముందు రండి. మీ పేరేమిటో మా అమ్మకి మీ నోటితో చెప్పండి. ఆవిడ ఏమంటే అది పడండి. తరవాత సంగతి తరవాత."

జయరావు ముఖంలో భయమూ వెలుగూ ఒకేసారి కనిపించాయి. సరేనండీ అన్నాడు. ఇద్దరూ మెరక ఎక్కారు. ఈసారి పక్కపక్కనే గానీ రెండు బారల ఎడంగా నడిచారు. ఎలా మొదలుపెట్టాలని దారిలో అతను ఆమెనే అడిగాడు. అమ్మా అని మొదలుపెట్టండి, మిగతాది అదే వస్తుంది అంది రెబ్కా. అంతలోనే తను అతనికి సాయం చేస్తున్నానని తోచి, అడుగు వేగం పెంచింది.

పందిరి దగ్గరికి వచ్చేసరికి చాప మీద ఇద్దరికి బదులు ముగ్గురున్నారు.

ఎలీసమ్మకీ పుల్లమ్మకీ మధ్య, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఒకాయన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు, బూట్లనిండా ఇసుక. చేతిలో సగం కొరికిన మురుకు ఉంది. జయరావు ఉన్నచోటే ఆగిపోయాడు. అతని గొంతులోంచి ఒరేయ్ అన్న మాట సగమే వచ్చింది.

ఎలీసమ్మ వాళ్ళని చూసి ముఖమంతా విప్పుకుని నవ్వింది.

"రండి రండి ఇమ్మానియేలు బాబూ. ఈ వింత చూశారా, ఈ అబ్బాయిదీ చీరాలేనట. మీ సొసైటీలోనే పనట. పేరూ ఇమ్మానియేలేనట. పొద్దుట రావాల్సినవాణ్ణి ధైర్యం చాలక, నేతగాళ్ళ వీధిలో మనల్ని చూసినవాళ్ళు చెబితే ఇప్పుడొచ్చానంటాడు. ఎవరి కోసం వచ్చావు బాబూ అంటే మీ అమ్మాయి కోసమే అంటున్నాడు. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు."

తెల్లచొక్కా ఆయన గబగబా లేచి నిలబడి, చేతులు దులుపుకుని రెబ్కాకి నమస్కారం పెట్టాడు. చూపు దించలేదు. తన తప్పుకి ఏ శిక్ష వేసినా పడతాననీ, ఈసారి ఎన్ని ప్రశ్నలడిగినా నిలబడి జవాబు చెబుతాననీ ఒక్క గుక్కలో అనేశాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అదే వచ్చిన చిక్కు.

జయరావు ఒక అడుగు ముందుకు వేశాడు. అమ్మా, నన్ను క్షమించండి, నా పేరు జయరావు అని చెప్పాడు. గొంతు ఎక్కడా తడబడలేదు.

ఎలీసమ్మ ఒకరి ముఖం తరవాత ఒకరి ముఖం చూసింది. నవ్వు మెల్లగా జారిపోయింది. చివరికి కూతురివైపు తిరిగింది.

"మరి నువ్వు అవునని చెప్పి వచ్చింది ఎవరికే?" అంది.

ఇద్దరు మగవాళ్ళూ రెబ్కా వైపే చూశారు.